పాతకాలపు స్పోర్ట్స్ కార్ల పునరుద్ధరణ: ఇంటి గ్యారేజీ పద్ధతి

నిర్వచనం, పరిధి

పాత స్పోర్ట్స్ కారును విప్పి, తుప్పు తిన్న లోహాన్ని తొలగించి, కొత్త రేకు అతికి, ఇంజిన్‌ను, బ్రేకులను, వైరింగును బాగుచేసి, తయారైననాటి స్థితికి దగ్గరగా తీసుకురావడాన్ని పునరుద్ధరణ అంటారు. ఈ పనిలో ఎక్కువ భాగం వృత్తి నిపుణుల షెడ్డులో కాక యజమాని ఇంటి గ్యారేజీలో, అతని చేతుల మీదుగా జరిగితే అది ఇంటి గ్యారేజీ పునరుద్ధరణ. మరమ్మతు పాడైన భాగానికే పరిమితం. పునరుద్ధరణలో కారు మొత్తాన్ని లెక్కలోకి తీసుకుంటారు.

స్పోర్ట్స్ కారు సాధారణంగా ఇద్దరు కూర్చునే తేలికపాటి వాహనం. పైకప్పు లేని నమూనాలను రోడ్‌స్టర్లనీ, కప్పు ఉన్నవాటిని కూపేలనీ పిలుస్తారు. పాత కార్లన్నిటినీ వాడుకలో వింటేజ్ కార్లంటారు గాని ఔత్సాహికుల సంఘాల్లో ఈ మాటకు కచ్చితమైన హద్దు ఉంది. 1934లో బ్రిటన్‌లో ఏర్పడిన వింటేజ్ స్పోర్ట్స్‌కార్ క్లబ్ లెక్కలో 1930 ముగిసేలోగా తయారైనవే వింటేజ్ కార్లు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత వచ్చినవాటిని క్లాసిక్ కార్లు అనడం పరిపాటి. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా కనీసం 30 ఏళ్లు నిండిన వాహనాన్ని చారిత్రక వాహనంగా పరిగణిస్తుంది. 1950-80 మధ్య తయారైన బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లు ఇంటి గ్యారేజీ పనికి ప్రసిద్ధ ఉదాహరణలు కనుక ఈ వ్యాసం ప్రధానంగా వాటినే ఆధారం చేసుకుంటుంది.

చరిత్ర

1945-49 మధ్య ఇంగ్లండులోని ఆబింగ్డన్‌లో ఎం.జి. సంస్థ టి.సి. నమూనా కార్లు సుమారు 10,000 తయారయ్యాయి. వీటిలో గణనీయమైన భాగం ఎగుమతి అయింది. అమెరికాలో స్పోర్ట్స్ కార్ల అభిరుచి పెరగడానికి ఇవి దోహదం చేశాయి. 1948లో అల్ మాస్ లాస్ ఏంజిలెస్‌లో ప్రారంభించిన మాస్ మోటార్స్ తరువాతి కాలంలో బ్రిటిష్ స్పోర్ట్స్ కార్ల విడిభాగాలకు పెద్ద సరఫరాదారు అయింది. ఎం.జి.ఎ. (1955-62) లక్షకు పైగా, దాని తరువాత వచ్చిన ఎం.జి.బి. (1962-80) 5 లక్షలకు పైగా తయారయ్యాయి. ట్రయంఫ్ టి.ఆర్. శ్రేణి, ఆస్టిన్-హీలీ, 1961లో జెనీవా ప్రదర్శనలో వెలువడిన జాగ్వార్ ఇ-టైప్ ఇదే కాలానికి చెందినవి.

ఈ కార్లకు కర్మాగారంలో చేసిన తుప్పు నివారణ నేటి ప్రమాణాలతో పోలిస్తే చాలా తక్కువ. బ్రిటన్‌లో చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అక్కడ 1960లో మొదలైన వార్షిక వాహన యోగ్యతా పరీక్షకు (ఎం.ఒ.టి.) తొలుత పదేళ్లు దాటిన కార్లే వెళ్లేవి. 1967 నాటికి ఆ హద్దు మూడేళ్లకు తగ్గింది. తుప్పుతో బలహీనపడి పరీక్షలో తప్పిన కార్లలో అనేకం తుక్కు దుకాణాలకు చేరాయి. మిగిలినవాటిని కాపాడుకునే ప్రయత్నాల నుంచే ఇంటి పునరుద్ధరణ విస్తరించింది.

1980 ఈ చరిత్రలో ముఖ్యమైన సంవత్సరం. ఆ ఏడాది అక్టోబరులో ఆబింగ్డన్ కర్మాగారం మూతపడింది. ఇంట్లో పని చేసుకునేవారి కోసం ప్రాక్టికల్ క్లాసిక్స్ అనే మాసపత్రిక అదే ఏడాది వెలువడింది. ఆ దశాబ్దంలో చిన్న మిగ్ వెల్డింగ్ యంత్రాలు సామాన్యులకు అందుబాటులోకి రావడంతో, అంతకుముందు గ్యాస్ వెల్డింగ్ నేర్చినవారే చేయగలిగిన రేకు పని ఔత్సాహికుల చేతికి వచ్చింది. 1988లో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ అసలు అచ్చు పనిముట్లను ఉపయోగించి ఎం.జి.బి. పూర్తి బాడీని మళ్లీ తయారు చేయసాగింది. పూర్తిగా శిథిలమైన కారుకు కొత్త బాడీ తెచ్చి, పాత యంత్రభాగాలను అందులోకి మార్చే వీలు దీనితో కలిగింది.

తరువాత తయారీ సంస్థలు కూడా ఈ రంగంలోకి వచ్చాయి. నిస్సాన్ 1990ల చివరలో అమెరికాలో పాత 240జడ్ కార్లను బాగుచేయించి అమ్మింది. మాజ్దా 2017లో జపాన్‌లో తొలితరం ఎం.ఎక్స్.-5 కార్లకు పునరుద్ధరణ సేవను ప్రకటించింది.

నిర్మాణాన్ని బట్టి రకాలు

కారు ఏ పద్ధతిలో నిర్మితమైందో తెలిస్తే పునరుద్ధరణ ఎలా సాగాలో చాలావరకు తేలిపోతుంది.

విడి ఛాసిస్ కార్లు: ఎం.జి.ఎ., ట్రయంఫ్ టి.ఆర్. 2 నుంచి టి.ఆర్. 6 వరకు, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ ఈ కోవకు చెందుతాయి. ఉక్కు చట్రం మీద బాడీని బోల్టులతో బిగిస్తారు. రెంటినీ విడదీసి వేర్వేరుగా బాగుచేయవచ్చు. అయితే బాడీని ఎత్తేటప్పుడు ఆధారం లేకపోతే అది వంగే ప్రమాదం ఉంది.

ఏకనిర్మాణ కార్లు: వీటికి విడి ఛాసిస్ ఉండదు. నేల రేకు, తలుపుల కింది పెట్టె ఆకారపు దూలాలు, గోడ రేకులు కలిసి బరువును మోస్తాయి. ఈ దూలాలను సిల్స్ అంటారు. 1958లో వచ్చిన ఆస్టిన్-హీలీ స్ప్రైట్ ఈ పద్ధతిలో పెద్దసంఖ్యలో తయారైన తొలి స్పోర్ట్స్ కారు. ఎం.జి.బి. కూడా ఇదే రకం. వీటిలో తుప్పు బాడీ అందాన్నే కాక బలాన్ని కూడా తినేస్తుంది. రోడ్‌స్టర్‌కు కప్పు ఆసరా కూడా లేదు కనుక సిల్స్ బలహీనపడితే కారు నడుము దగ్గర కుంగుతుంది.

ఫైబర్ గ్లాసు బాడీ కార్లు: 1953 నాటి షెవర్లే కార్వెట్, 1962 నాటి లోటస్ ఎలాన్ ప్రసిద్ధ ఉదాహరణలు. బాడీకి తుప్పు పట్టదు గాని దాని కింద దాగిన ఉక్కు ఛాసిస్‌కు పడుతుంది. ఫైబర్ గ్లాసులో వచ్చే పగుళ్లకు వేరే వైద్యం కావాలి.

కొయ్య చట్రం కార్లు: యుద్ధానికి ముందటి అనేక కార్లలోనూ, ఎం.జి. టి. శ్రేణిలోనూ, మోర్గాన్ కార్లలోనూ బాడీ రేకులకు లోపల యాష్ కలప చట్రం ఉంటుంది. కలప కుళ్లడం, దానికి కొట్టిన మేకులు తుప్పు పట్టడం రెండూ ఇక్కడ సమస్యలే. లోహపు పనితో పాటు వడ్రంగం కూడా తెలిసి ఉండాలి.

రెండు లోహాల కార్లు: ఆస్టిన్-హీలీ 100, 3000 నమూనాల్లో ముందు, వెనుక పైరేకులు అల్యూమినియంవి, పక్క రేకులు ఉక్కువి. రెండు లోహాలు కలిసేచోట తేమ చేరితే విద్యుత్ రసాయన క్షయం మొదలవుతుంది.

తుప్పు: కారణాలు, స్థానాలు

ఇనుము, ఆక్సిజన్, నీరు కలిసినప్పుడు జలయుత ఇనుప ఆక్సైడ్ ఏర్పడుతుంది. అదే తుప్పు. ఇది విద్యుత్ రసాయన చర్య. లోహపు ఉపరితలంలో ఒకచోట ఇనుము ఎలక్ట్రాన్లను కోల్పోయి కరుగుతుంది, మరోచోట ఆక్సిజన్ వాటిని గ్రహిస్తుంది. నీటిలో ఉప్పు ఉంటే విద్యుత్ ప్రసారం సులువై చర్య వేగం పెరుగుతుంది. తుప్పు తాను పుట్టిన లోహంకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక రెండు రేకుల మధ్య పుట్టినప్పుడు వాటిని విడదీసి ఉబ్బిస్తుంది. అల్యూమినియం ఆక్సైడ్ లాగా ఇది అడుగు లోహాన్ని అంటిపెట్టుకొని రక్షించదు. పొరలుగా రాలుతూ లోపలికి దారి ఇస్తుంది (చూ. లోహక్షయం).

మట్టి, తేమ నిలిచే మూలలు, గాలి ఆడని పెట్టె భాగాలు, రేకుల అతుకులు త్వరగా పాడవుతాయి. ఎం.జి.బి.లో సిల్స్, ముందు రెక్క వెనుక కింది భాగం, తలుపు స్తంభం అడుగు, వెనుక చక్రాల పై వంపులు, నేల రేకు, జాకీ ఆనే స్థానాలు తప్పక చూడాలి. 1974 వరకు ఈ కార్లకు సీట్ల వెనుక 6 వోల్టుల బ్యాటరీలు రెండు ఉండేవి. వాటి నుంచి ఒలికిన ఆమ్లం అడుగు పెట్టెలను తినేసేది.

తుప్పును మూడు స్థాయిల్లో గుర్తిస్తారు. పైపొర తుప్పు రుద్దితే పోతుంది. గుంటల తుప్పులో లోహం పలుచబడుతుంది. రంధ్రాలు పడిన తుప్పుకు ఆ ముక్కను కోసి కొత్తది అతకడమే మార్గం. పైకి చిన్న బుడగలా కనిపించే రంగు కింద చాలాసార్లు మూడో స్థాయి తుప్పు ఉంటుంది. 1976 నమూనా నుంచి పోర్షె 911 బాడీకి పూర్తిగా జింకు పూత ఇచ్చిన ఉక్కు వాడటంతో ఆ తరువాతి కార్లలో ఈ సమస్య బాగా తగ్గింది.

గ్యారేజీ, పరికరాలు

విప్పిన కారు పూర్తి కారుకన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది. తలుపులు, రెక్కలు, సీట్లు, ఇంజిన్, గేర్ బాక్స్ విడివిడిగా పెట్టాలి కనుక ఒక కారు పట్టే గ్యారేజీ సాధారణంగా ఇరుకవుతుంది. సమతలంగా ఉన్న గట్టి నేల, మంచి వెలుతురు, గాలి ఆడే ఏర్పాటు, తగిన సామర్థ్యం గల విద్యుత్ కనెక్షను అవసరం.

సాధారణ పరికరాల్లో జాకీ, స్టాండ్లు, స్పానర్లు, టార్క్ రెంచ్, యాంగిల్ గ్రైండర్, మిగ్ వెల్డింగ్ యంత్రం, కంప్రెసర్, ఇంజిన్‌ను ఎత్తే క్రేన్ ఉంటాయి. బాడీని పక్కకు తిప్పి అడుగు భాగంలో పనిచేయడానికి కొందరు తిరుగుడు స్టాండు వాడతారు. ఇంగ్లిష్ కార్ల బోల్టులకు సరిపడే స్పానర్లు వేరు. యుద్ధానికి ముందువాటిలో విట్‌వర్త్ కొలతలు, 1950ల తరువాతివాటిలో అమెరికా, బ్రిటన్, కెనడాలు అంగీకరించిన యు.ఎన్.ఎఫ్. కొలతలు ప్రధానం. ఎం.జి. టి. శ్రేణిలోని ఎక్స్.పి.ఎ.జి. ఇంజిన్ బోల్టుల మరలు మెట్రిక్ కొలతలోనూ, తలలు విట్‌వర్త్ కొలతలోనూ ఉంటాయి.

పునరుద్ధరణ దశలు

పరిశీలన, నమోదు

కారు కొనకముందే సుత్తి పిడితోనో స్క్రూడ్రైవర్ పిడితోనో సిల్స్‌ను తట్టి చూస్తారు. గట్టి లోహం మోగుతుంది, కుళ్లినది మొద్దు శబ్దం చేస్తుంది. లప్పం ఎక్కడ ఉందో తెలుసుకోవడానికి అయస్కాంతం వాడతారు. దళసరి లప్పం ఉన్నచోట అది అంటదు. తలుపుకూ బాడీకీ మధ్య సందు పైన ఒకలా, కింద ఒకలా ఉంటే బాడీ కుంగిందని అనుమానించాలి. విప్పే ముందు ప్రతి కోణం నుంచీ ఫోటోలు తీయడం, ప్రతి బోల్టునూ పేరు రాసిన సంచిలో వేయడం, ఛాసిస్, ఇంజిన్ నంబర్లను పత్రాలతో సరిచూడడం తొలి పనులు.

విప్పడం

విప్పేముందు బ్యాటరీ తీసి, పెట్రోలు ఖాళీ చేస్తారు. బిగుసుకున్న బోల్టులకు ముందుగానే పలుమార్లు తుప్పు వదిలించే నూనె పట్టిస్తారు. అయినా కదలకపోతే వేడి చేస్తారు. అదీ ఫలించకపోతే కోసేస్తారు. పాడైన భాగాన్నయినా కొత్తది అమరేదాకా పారేయకూడదన్నది ఈ పనిలో అందరూ పాటించే నియమం. నమూనాగా అదే పనికొస్తుంది.

తుప్పు తొలగింపు

యాంత్రిక పద్ధతులు: వైరు బ్రష్షు, గ్రైండర్‌కు బిగించే రాపిడి చక్రాలు, గాలి ఒత్తిడితో రేణువులు చిమ్మే బ్లాస్టింగ్ ఈ కోవలోవి. దళసరి ఛాసిస్ భాగాలకు బ్లాస్టింగ్ బాగా పనిచేస్తుంది. వెడల్పాటి పలుచని రేకుల మీద అజాగ్రత్తగా చేస్తే అవి వంకర్లు పోతాయి. ఇసుక ధూళి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల వ్యాధికి కారణం కనుక గార్నెట్, గాజు పూసలు, సోడా వంటివి వాడతారు.

రసాయన పద్ధతులు: ఫాస్ఫారిక్ ఆమ్లం తుప్పును ఇనుప ఫాస్ఫేటుగా, టానిక్ ఆమ్లం నల్లని ఇనుప టానేటుగా మారుస్తాయి. చిన్న భాగాలను తుప్పును మాత్రమే కరిగించే ద్రావణాల్లో నానబెడతారు. ఏ రసాయనమూ పోయిన లోహాన్ని తిరిగి తీసుకురాలేదు.

విద్యుద్విశ్లేషణ: వస్తువును చాకలి సోడా ద్రావణంలో ముంచి బ్యాటరీ ఛార్జరు రుణ ధ్రువానికి, ఒక మామూలు ఇనుప ముక్కను ధన ధ్రువానికి కలుపుతారు. స్టెయిన్‌లెస్ స్టీలును ధన ధ్రువంగా వాడితే విషపూరితమైన క్రోమియం సమ్మేళనాలు ఏర్పడవచ్చు. ఈ చర్యలో హైడ్రోజన్ వెలువడుతుంది కనుక ఆరుబయటే చేయాలి. స్ప్రింగుల వంటి గట్టి ఉక్కు భాగాలు హైడ్రోజన్ వల్ల పెళుసు బారతాయి కనుక వాటికి ఈ పద్ధతి పనికిరాదు.

రేకు పని

మన షెడ్లలో టింకరింగ్ అనే ఈ దశకే సాధారణంగా అన్నిటికన్నా ఎక్కువ కాలం పడుతుంది. కుళ్లిన భాగాన్ని గట్టి లోహం తగిలేదాకా కోసి, తయారుగా దొరికే ప్యానెల్‌నో, స్వయంగా మలిచిన ముక్కనో అతుకుతారు. ఇటువంటి కార్ల బాడీ రేకు మందం సుమారు 0.8 నుంచి 1 మి.మీ. దీనికి మిగ్ యంత్రంలో 0.6 మి.మీ. తీగ, ఆర్గాన్-కార్బన్ డయాక్సైడ్ మిశ్రమ వాయువు అనువైనవి. పొడవుగా ఒకేసారి వెల్డింగ్ చేస్తే వేడికి రేకు వంకర పోతుంది. అందుచేత దూరదూరంగా చుక్కలు పెట్టి, మధ్య ఖాళీలను క్రమంగా నింపుతారు. కర్మాగారపు స్పాట్ వెల్డింగ్ స్థానంలో పై రేకుకు రంధ్రాలు చేసి, వాటిలోంచి కింది రేకుకు అతికే ప్లగ్ వెల్డింగ్ చేస్తారు.

ఏకనిర్మాణ కారులో సిల్స్ మార్చేటప్పుడు వరుస తప్పకూడదు. మొదట కారును సమతలంగా నిలిపి, తలుపు ఖాళీకి అడ్డంగా ఇనుప కడ్డీలు వెల్డింగ్ చేసి కొలతలు స్థిరపరుస్తారు. తరువాత ఒకవైపు మాత్రమే కోస్తారు. ఆ వైపు పూర్తయ్యేదాకా రెండోవైపు ముట్టుకోరు. పూర్తి వెల్డింగ్‌కు ముందు తలుపు బిగించి సందులు సరిచూస్తారు. ఈ జాగ్రత్త తీసుకోకపోతే బాడీ వంగిన స్థితిలోనే బిగుసుకుపోయి, తలుపులు ఎప్పటికీ సరిగా మూసుకోవు.

అతుకుల ఎత్తుపల్లాలను సరిచేయడానికి పూర్వం సీసం, తగరం కలిసిన మిశ్రమాన్ని కరిగించి పూసేవారు. ఇప్పుడు ఎక్కువగా పాలిఎస్టర్ లప్పం వాడతారు. లప్పం ఉపరితలాన్ని చదును చేసేందుకే గాని రంధ్రాలను పూడ్చేందుకు కాదు.

రంగు, రక్షణ పూత

శుభ్రమైన లోహానికి ముందు ఎపాక్సీ ప్రైమర్, ఆపై నింపే ప్రైమర్, చివరగా రంగు వేస్తారు. ప్రతి పొర తరువాత ఎమరీ కాగితంతో రుద్దుతారు. 1920ల నుంచి వాడుకలో ఉన్న సెల్యులోజ్ రంగు త్వరగా ఆరి, పాలిష్‌తో మెరుస్తుంది. రెండు ద్రవాలు కలిపి వాడే 2కె రంగు ఎక్కువ మన్నుతుంది గాని ప్రమాదకరమైన ఐసోసయనేట్లు ఉంటాయి. ఇంట్లో పనిచేసేవారిలో చాలామంది రేకు పని తామే చేసుకొని, రంగును నిపుణులకు అప్పగిస్తారు.

సిల్స్ వంటి మూసిన పెట్టెల లోపలికి వెల్డింగ్, రంగు అన్నీ ముగిశాక సన్నని గొట్టంతో మైనపు ద్రవాన్ని చిమ్ముతారు. వెల్డింగ్‌కు ముందు చిమ్మితే అది మండుతుంది. నీరు బయటికి పోయే రంధ్రాలు మూసుకుపోకుండా చూడాలి (చూ. తుప్పు నివారణ పూతలు).

ఇంజిన్, బ్రేకులు, ఇంధన వ్యవస్థ

ఎం.జి.బి. ఇంజిన్ 1,798 ఘ.సెం.మీ. నాలుగు సిలిండర్ల బి-సిరీస్ రకం. అరిగిన సిలిండర్లను లేత్ వర్క్స్‌లో బోరు చేయించి, పెద్ద సైజు పిస్టన్లు వేస్తారు. బ్రిటన్‌లో 1999 ముగిసేసరికి, భారత్‌లో 2000 ఫిబ్రవరి నాటికి సీసం కలిపిన పెట్రోలు సాధారణ అమ్మకం ఆగిపోయింది. పాత ఇంజిన్ల ఎగ్జాస్ట్ వాల్వులు ఆనే స్థానాలను ఆ సీసమే కాపాడేది కనుక ఇప్పుడు అక్కడ గట్టి లోహపు వలయాలు అమర్చుతారు.

ఇథనాల్ కలిసిన పెట్రోలు మరో సమస్య. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి 10 శాతం ఇథనాల్ పెట్రోలు ప్రామాణికమైంది. భారత్‌లో 2023 ఫిబ్రవరిలో 20 శాతం ఇథనాల్ పెట్రోలు అమ్మకాలు మొదలయ్యాయి. ఇథనాల్ తేమను గ్రహించి పెట్రోలు ట్యాంకు తుప్పుకు దారి తీస్తుంది, పాత రబ్బరు గొట్టాలను పాడుచేస్తుంది. అందుకే దానికి తట్టుకునే గొట్టాలు వేస్తారు. బ్రేకుల ఉక్కు గొట్టాల స్థానంలో తుప్పు పట్టని రాగి-నికెల్ గొట్టాలు వేయడం సాధారణం.

వైరింగు, తుది కూర్పు

ఈ కార్లలో చాలావాటికి బర్మింగ్‌హామ్‌లోని లూకాస్ సంస్థ విద్యుత్ పరికరాలు అమరి ఉంటాయి. 1967కు ముందటి ఎం.జి.బి.లో బ్యాటరీ ధన ధ్రువం బాడీకి కలిసి ఉంటుంది. ఇది గమనించకుండా ఆధునిక పరికరాలు బిగిస్తే అవి కాలిపోతాయి. పాత వైర్ల తొడుగు పగిలి ఉంటే పూర్తి వైర్ల కట్టనే మారుస్తారు. బాడీకి భూసంధానం జరిగేచోట రంగు, తుప్పు లేకుండా చూస్తే సగం లోపాలు తలెత్తవు. క్రోమియం పూత పనిని ప్రత్యేక సంస్థలకే పంపుతారు. కూర్పు పూర్తయ్యాక బ్రేకులు, స్టీరింగ్ పరీక్షించి, మొదట కొద్ది దూరాలు నడిపి, బోల్టులన్నీ మళ్లీ బిగిస్తారు.

భద్రత

జాకీ మీద మాత్రమే ఆనిన కారు కిందికి వెళ్లకూడదు. స్టాండ్లు తప్పనిసరి. ఖాళీ పెట్రోలు ట్యాంకులోని ఆవిరి పేలవచ్చు కనుక దానికి ఇంట్లో వెల్డింగ్ చేయరాదు. జింకు పూత ఉన్న రేకును వెల్డింగ్ చేస్తే వచ్చే పొగ జ్వరం తెప్పిస్తుంది. క్లోరిన్ ఉన్న శుభ్రపరిచే ద్రవాలు వెల్డింగ్ మంట దగ్గర ఫాస్జీన్ అనే విషవాయువుగా మారవచ్చు. 2కె రంగుల ఐసోసయనేట్లు శాశ్వతమైన ఆస్తమా కలిగించవచ్చు. మామూలు ముసుగు వీటికి చాలదు, బయటి నుంచి గాలి అందించే ముసుగు కావాలి. పాత బ్రేక్ లైనింగుల్లో, క్లచ్ ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు కనుక ఆ ధూళిని గాలితో ఊదకూడదు. వెల్డింగ్ ముగిశాక కూడా తివాచీ, మైనపు పూతల దగ్గర నిప్పు రాజుకోవచ్చు. అందుకని కొంతసేపు కనిపెట్టుకొని ఉండాలి (చూ. వెల్డింగ్ భద్రత).

పునరుద్ధరణ స్థాయిలు, ప్రామాణికత

పని లోతును బట్టి నాలుగు స్థాయిలను గుర్తించవచ్చు. సంరక్షణలో, ఉన్న స్థితి మరింత చెడకుండా ఆపుతారు. నడిచే స్థాయి పునరుద్ధరణలో భద్రత, యంత్రాలు మాత్రమే సరిచేస్తారు. పూర్తి పునరుద్ధరణలో ఆఖరి బోల్టు దాకా విప్పుతారు. నాలుగోదైన రెస్టోమాడ్ పద్ధతిలో పాత రూపంలో ఆధునిక ఇంజిన్, బ్రేకులు అమర్చుతారు.

అసలు లోహాన్ని ఎంతవరకు ఉంచాలన్నది ఈ రంగంలో చిరకాల చర్చ. ఒక పక్షం కారు నడవడం, భద్రంగా ఉండడం ముఖ్యమంటుంది. మరో పక్షం కొత్త రేకు పడిన ప్రతిచోటా చరిత్ర కొంత చెరిగిపోతుందని వాదిస్తుంది. ఫీవా 2012లో ఆమోదించిన ట్యూరిన్ పత్రం సాధ్యమైనంత తక్కువ జోక్యాన్ని, చేసిన మార్పులను నమోదు చేయడాన్ని సూచిస్తుంది.

రెండు ఉదంతాలు ఈ చర్చలో తరచు ప్రస్తావనకు వస్తాయి. 1929, 1930 లె మాన్ పోటీలు గెలిచిన బెంట్లీ ఓల్డ్ నంబర్ వన్ కారులో తొలినాటి భాగాలు బాగా తగ్గిపోయినా, నిరంతర చరిత్ర ఆధారంగా ఆ పేరు దానికే చెందుతుందని 1990లో ఇంగ్లండు న్యాయస్థానం తీర్పు చెప్పింది. రెండోది బుగాటి బ్రెషియా కారు. దశాబ్దాల పాటు మజోరీ సరస్సు అడుగున ఉండి 2009లో బయటపడిన ఈ కారు 2010లో పారిస్ వేలంలో రెండున్నర లక్షల యూరోలకు పైగా పలికింది. కాలిఫోర్నియాలోని ముల్లిన్ మ్యూజియం దాన్ని పునరుద్ధరించకుండా తుప్పుతోనే ప్రదర్శించింది.

ఖర్చు, విలువ

పెద్దసంఖ్యలో తయారైన కార్ల పూర్తి పునరుద్ధరణకు అయ్యే ఖర్చు, పనిగంటలను లెక్కకడితే, చాలాసార్లు పూర్తయిన కారు ధరను మించుతుంది. ఇంటి పనిలో కూలి ఖర్చు తప్పడం వల్లనే ఇటువంటి కార్ల పునరుద్ధరణ సాధ్యమవుతోంది. కొనేటప్పుడు ఎక్కువ ధర పెట్టి తుప్పు తక్కువ ఉన్న కారును ఎంచుకోవడం చివరికి చౌక పడుతుందన్నది అనుభవజ్ఞుల సలహా. యంత్రభాగాల కన్నా బాడీ పనికి ఖర్చు ఎక్కువ కావడం దీనికి కారణం. అమెరికాలోని పొడి రాష్ట్రాల నుంచి తుప్పు తక్కువున్న కార్లను బ్రిటన్‌కు తిరిగి దిగుమతి చేసుకోవడం కూడా ఇందువల్లనే.

చట్టపరమైన అంశాలు

బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటి, గణనీయమైన మార్పులు జరగని కార్లకు 2018 మే నుంచి ఎం.ఒ.టి. పరీక్ష తప్పనిసరి కాదు. రోడ్డు మీద నడిపే స్థితిలో ఉంచే బాధ్యత మాత్రం యజమానిదే. జర్మనీ 1997 నుంచి 30 ఏళ్లు నిండిన, అసలు స్థితికి దగ్గరగా ఉన్న వాహనాలకు హెచ్ అక్షరంతో ప్రత్యేక నంబరు ఇస్తోంది.

భారత్‌లో 2021 జులైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు చేసిన సవరణ ప్రకారం తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన, వాణిజ్యేతర ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలు వింటేజ్ వాహనాలు. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో గణనీయమైన మార్పు జరగకూడదు. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు, తిరిగి రిజిస్ట్రేషన్‌కు 5,000 రూపాయలు. నంబరులో రాష్ట్ర సంకేతం తరువాత వి.ఎ. అక్షరాలు ఉంటాయి. గడువు 10 ఏళ్లు. ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, ఇంధనం, నిర్వహణ అవసరాలకే ఇటువంటి వాహనాన్ని నడపవచ్చు. పని మొదలుపెట్టకముందే ఈ నిబంధనలు చూసుకుంటే, బాడీ మార్పిడి వల్ల గుర్తింపు కోల్పోయే చిక్కు తప్పుతుంది.

భారతదేశం, తెలుగు రాష్ట్రాలు

భారత్‌లో స్పోర్ట్స్ కార్ల తయారీ చాలా పరిమితం. అయితే 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ తయారు చేసిన స్టాండర్డ్ హెరాల్డ్‌కు ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌తో దగ్గరి బంధుత్వం ఉంది. స్పిట్‌ఫైర్ ఛాసిస్ రూపకల్పన, ముందు సస్పెన్షన్ హెరాల్డ్ నుంచి వచ్చినవే. ఈ పని నేర్చుకోదలచిన వారికి హెరాల్డ్ అనువైన నమూనా.

ఇక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లరు గాని తుప్పు సమస్య లేకపోలేదు. విశాఖపట్నం, కాకినాడ వంటి తీర నగరాల్లో సముద్రపు గాలిలోని ఉప్పు ఆ పని చేస్తుంది. హైదరాబాదు వంటి లోతట్టు ప్రాంతాల్లో వానాకాలపు తేమ, కారు మీద కప్పిన గాలి ఆడని కవరు ప్రధాన కారణాలు. రేకును సుత్తితో మలిచే టింకర్లు, విడిభాగాన్ని నమూనా చూసి చేసిచ్చే లేత్ కార్మికులు ఇక్కడి పట్టణాల్లో ఇప్పటికీ ఉన్నారు. తయారు ప్యానెళ్లు దొరకని కార్లకు ఈ నైపుణ్యమే ఆధారం.

ప్రాముఖ్యం

కొత్త కారును తయారు చేయడానికి పట్టే లోహం, శక్తి ఆదా కావడం పునరుద్ధరణకు అనుకూలంగా చెప్పే ఒక వాదన. పాత ఇంజిన్ల పొగలో కాలుష్యకారకాలు ఎక్కువన్నది ప్రతివాదన. ఈ కార్లు ఏడాదిలో తిరిగే దూరం సాధారణంగా తక్కువ కావడం రెండు పక్షాలూ లెక్కలోకి తీసుకునే విషయం. సాంస్కృతికంగా, 2016ను ప్రపంచ మోటారు వారసత్వ సంవత్సరంగా ఫీవా జరిపినప్పుడు యునెస్కో అందుకు మద్దతు పలికింది. రేకు మలచడం, సీసం పూయడం, కార్బురేటర్ సరిచేయడం వంటి పనులు ఆధునిక షెడ్లలో అరుదైపోయాయి కనుక ఇంటి గ్యారేజీలు ఆ నైపుణ్యాలకు ఒక ఆశ్రయం.

అయితే ఏ కారు నిలుస్తుందన్నది నైపుణ్యంతో పాటు విడిభాగాల లభ్యత మీద కూడా ఆధారపడి ఉంటుంది. ఎక్కువగా అమ్ముడై, క్లబ్బుల మద్దతు, అసలు అచ్చు పనిముట్లు మిగిలిన ఎం.జి.బి. వంటి నమూనాలకు సిల్ నుంచి పూర్తి బాడీ వరకు కొత్తవి దొరుకుతాయి. కొద్ది సంఖ్యలో తయారైన కార్లకు ప్రతి ముక్కనూ చేత్తో మలచుకోవాల్సిందే. అందుచేత తొలిసారి ఈ పనికి దిగేవారు మొదట ప్యానెళ్ల లభ్యతను, తరువాత బాడీ స్థితిని, ఆ తరువాతే ఇంజిన్‌ను పరిశీలించి కారును ఎంచుకోవాలి.